పోథోస్ నిద్రపోయిన ఇల్లు

డాక్టర్ వింధ్యావళి పనిచేసే నాడీశాస్త్ర ప్రయోగశాల విశాఖపట్నంలో, సముద్రం కనిపించే ఒక కొండవాలు మీద ఉంది. అక్కడ ఆమె పెంచే చిట్టెలుకలు మామూలువి కావు. ఒకసారి జోడీ కుదిరితే బతికినంతకాలం ఆ జోడీతోనే ఉండే జాతి. మగదాని మెదడులో ఏ కణాలు ఎప్పుడు మేలుకుంటాయో తెర మీద చూడటం ఆమె పని. జోడీ పక్కన ముడుచుకుని పడుకున్నప్పుడు ఒక గుంపు కణాలు వెలిగేవి. జోడీ అద్దం అవతల కనిపిస్తూ అందకుండా ఉంటే మరో గుంపు వెలిగేది. జోడీని తీసుకుపోయి తిరిగి తేకపోతే మూడో గుంపు. ఆ మూడోది వెలగడం మొదలైతే ఇక ఆగేది కాదు. ఎలుక తిండి మానేసి, జోడీ చివరిసారి కనిపించిన మూల కూర్చునేది.

ఆ సంగతి ఆమె ఇంట్లో భోజనాల దగ్గర చెప్పింది. భర్త సోమశేఖర విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర బోధిస్తాడు. గ్రీకుల దేవతలంటే ఆయనకు ప్రాణం.

“ప్రేమ అంటే ఒకటే అనుకున్నామండీ ఇన్నాళ్ళూ. మూడు వేరు వేరు చోట్ల నుంచి వస్తోంది,” అంది.

“గ్రీకులకి ఈ సంగతి తెలుసు,” అన్నాడాయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ. “మన మన్మథుడికి వసంతుడూ మలయమారుతమూ తోడు వచ్చినట్టు, వాళ్ళ ప్రేమదేవత ఆఫ్రొడైటీ వెంట కూడా ఒక పరివారం ఉంటుంది. మెగారా అనే ఊళ్ళో ఆవిడ గుడిలో ముగ్గురు కుర్రాళ్ళ విగ్రహాలు ఉండేవట. ఎరోస్, హిమెరోస్, పోథోస్. ముగ్గురికీ రెక్కలే, ముగ్గురూ ప్రేమే. కానీ ఒకడు ఇంకొకడు కాదు.”

“తేడా ఏమిటి నాన్నా?” అంది కూతురు మేఖల. అప్పటికి ఆమె ఇంటర్ చదువుతోంది.

“ఎరోస్ అంటే ప్రేమ. హిమెరోస్ అంటే కళ్ళెదుట ఉన్నదాని మీద కోరిక. పోథోస్ అంటే కళ్ళెదుట లేనిదాని మీద. దూరంగా ఉన్నవాళ్ళ మీద, పోయినవాళ్ళ మీద.”

“బెంగ,” అన్నాడు కొడుకు అనిరుద్ధ, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

సోమశేఖర వాడి వైపు మెచ్చుకోలుగా చూశాడు. “అంతే. బెంగ.”

వింధ్యావళి ఆ మూడు గుంపుల కణాలకూ ఆ పేర్లే పెట్టింది. అంతర్జాతీయ పత్రికలో వ్యాసం వచ్చినప్పుడు కూడా అవే పేర్లు ఉన్నాయి.

ఆ తరువాతి వేసవిలో అనిరుద్ధ స్నేహితులతో కలిసి భీమిలి వైపు సముద్రస్నానానికి వెళ్ళి అల కిందకు వెళ్ళిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం దిగువన ఇంకో ఊరి ఒడ్డున దొరికాడు. వాడికి ఇరవై నిండలేదు. పోలీసుల దగ్గరకు వెళ్ళింది, గుర్తుపట్టింది, మిగిలిన పనులన్నీ చూసింది వింధ్యావళి. సోమశేఖర ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆయన మళ్ళీ తేరుకోలేదు. మొదట్లో బంధువులు వచ్చి కూర్చున్నారు, తరువాత రావడం తగ్గించారు. క్లాసులు మానేశాడు. గేటు చప్పుడైతే తల తిప్పేవాడు. అన్నం ముందు పెడితే కాసేపు చూసి పక్కకు జరిపేవాడు. మానసిక వైద్యులు మందులు మార్చారు. ఏడాది తిరిగేసరికి ఆయన మంచం మీద నుంచి బాత్‌రూముకు వెళ్ళాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. మేఖల పరీక్షలు రాసి పుణెలో ఆర్కిటెక్చర్‌లో చేరింది. వెళ్ళేటప్పుడు తండ్రి కాళ్ళకు దణ్ణం పెడితే ఆయన ఆమె తల నిమిరి, “జాగ్రత్తమ్మా, నీళ్ళ దగ్గరికి వెళ్ళకు,” అని మాత్రం అన్నాడు.

ప్రయోగశాలలో ఆ ఏడాది ఒక కొత్త యంత్రం తయారైంది. మెదడుకు కత్తి తగలకుండా, చెవికి వినపడని శబ్దతరంగాలను ఒక బిందువు దగ్గర కలిపి, అక్కడి కణాలను నిద్రపుచ్చే యంత్రం. దాని రూపకర్త డాక్టర్ జలీల్, వింధ్యావళికి పదేళ్ళ సహోద్యోగి. జోడీ పోయి మూల కూర్చున్న ఎలుక మీద దాన్ని వాడారు. సాయంత్రానికల్లా ఎలుక లేచి గింజలు తింది. చక్రం ఎక్కి తిరిగింది.

మనుషుల మీద వాడటానికి అనుమతి వచ్చింది, షరతులతో. ఏ మందుకూ లొంగని దుఃఖంతో ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకే వాడాలి. కావాలంటే ఆ కణాలను మళ్ళీ లేపవచ్చు, కానీ లేపమని రోగి స్వయంగా అడగాలి. తమ సొంత మనుషులకు వైద్యం జరిగేటప్పుడు డాక్టర్లు యంత్రం ముట్టుకోకూడదు.

వింధ్యావళి భర్త మంచం పక్కన కూర్చుని అంతా వివరించింది.

“నన్ను ఎలుకల్లో కలిపేస్తున్నావు,” అన్నాడాయన. గొంతులో కోపం లేదు.

“మీరు తినడం లేదు. ఈ వర్షాకాలం దాటడం కష్టమన్నారు డాక్టరు. నన్నింకేం చెయ్యమంటారు?”

“వాడు గుర్తుంటాడా?”

“అన్నీ గుర్తుంటాయి. జ్ఞాపకాల జోలికి పోం. బెంగ ఒక్కటే.”

“పోథోస్‌ని నిద్రపుచ్చుతారన్నమాట.” ఆయన గోడకేసి తిరిగాడు. “బెంగ కూడా పోతే వాడి కోసం నేను చేసేది ఇంకేం మిగుల్తుంది, వింధ్యా?”

ఆమె దుప్పటి అంచు సరిచేస్తూ కూర్చుంది. కాసేపటికి ఆయనే, “సరే. నీ కోసం,” అన్నాడు.

యంత్రం జలీల్ నడిపాడు. ఆమె అద్దం ఇవతల నిలబడింది. తలకు తొడిగిన తలపాగా లాంటి పరికరం తీశాక సోమశేఖర కళ్ళు తెరిచి అటూ ఇటూ చూసి, “మీ క్యాంటీన్‌లో పెసరట్టు దొరుకుతుందా?” అని అడిగాడు. రెండు తిన్నాడు. వింధ్యావళి వాష్‌రూముకు వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, ఆయన ఎదుట కూర్చుని తను కూడా ఒకటి తెప్పించుకుంది.

తరువాతి నెలలు ఆ ఇంటికి మంచి నెలలు. సోమశేఖర ఒళ్ళు చేశాడు. పాఠాలకు వెళ్ళాడు. కొడుకు పేరు వస్తే మొహం తిప్పుకునేవాడు కాదు. చిన్నప్పుడు వాడు గ్రీకు అక్షరాలు నేర్చుకుని ఇంటి గోడంతా రాసిన వైనం స్నేహితులకు చెప్పి నవ్వించేవాడు. వింధ్యావళి మొదటిసారి అది విన్నప్పుడు వంటింట్లోకి వెళ్ళి, ఖాళీగా ఉన్న స్టవ్ ముందు కాసేపు నిలబడి వచ్చింది.

వైద్యం చేయించుకున్న మిగతావాళ్ళూ కోలుకున్నారు. మందుల కంపెనీ ఒకటి కబురు పంపింది. దాని ప్రతినిధి మర్యాదస్తుడు, తక్కువ మాట్లాడేవాడు.

“చావులూ దుఃఖాలూ చిన్న మార్కెట్ మేడమ్,” అన్నాడు. “ఓడల మీద పనిచేసేవాళ్ళని చూడండి. సరిహద్దుల్లో ఉండేవాళ్ళని చూడండి. ఊరొదిలి ఏళ్ళ తరబడి ఉండాలి. బెంగతో సగం పని పోతోంది. బెంగ లేకపోతే సెలవు కూడా అడగరు.”

జలీల్ ఏదో అనబోతే వింధ్యావళి ఆపి, ఆలోచించుకోవడానికి గడువు అడిగింది. నిజానికి ఆమెకు ఆ ప్రతిపాదన అప్పట్లో తప్పుగా తోచలేదు.

మరుసటి వేసవిలో మేఖల సెలవులకు వచ్చింది. తండ్రి స్వయంగా బజారుకు వెళ్ళి వంజరం చేప తెచ్చి పులుసు పెట్టాడు. ఆమె గీసిన భవనాల బొమ్మలు ఒక్కొక్కటీ తీసి చూశాడు, గ్రీకు స్తంభాల గురించి గంటసేపు చెప్పాడు. మేఖల తల్లితో, “నాన్న తిరిగొచ్చేశారమ్మా,” అంది.

తిరుగు ప్రయాణం రోజు ముగ్గురూ స్టేషన్‌కు వెళ్ళారు. రైలు కదిలే ముందు ఆయన కిటికీ దగ్గర నిలబడి నవ్వుతూ మాట్లాడాడు, జాగ్రత్తలు చెప్పాడు. రైలు కదిలింది. మేఖల చెయ్యి ఊపుతూ చూస్తోంది. తల్లి ప్లాట్‌ఫాం మీద రెండడుగులు వెంట నడిచింది. తండ్రి మాత్రం కిటికీ తన ముందు నుంచి దాటగానే పుస్తకాల దుకాణం వైపు తిరిగాడు. ఆ రైలుపెట్టె ఇంకా ప్లాట్‌ఫాం దాటకముందే ఆయన ఏదో పత్రిక పేజీలు తిప్పుతున్నాడు. మేఖలకు అదంతా కనిపించింది.

అక్టోబరులో తుఫాను వచ్చింది. ఎలుకల గదికి జనరేటర్ ఆగిపోకుండా చూసుకోవాలని వింధ్యావళి, జలీల్ ప్రయోగశాలలో ఉండిపోయారు. చెట్లు పడి దారులు మూసుకుపోయాయి. ఫోన్లు పోయాయి. గాలి తగ్గిన మర్నాడు జలీల్ భార్య నసీమా తమ్ముణ్ణి వెంటేసుకుని, పడిన కొమ్మలు దాటుకుంటూ కొండ ఎక్కి వచ్చింది. చీర మోకాళ్ళ దాకా బురద. భర్తను చూడగానే తిట్టడం మొదలుపెట్టింది.

“ఫోన్ లేకపోతే మనిషి లేనట్టేనా? ఎవరితోనైనా కబురు పంపకూడదా? నేనేమైపోవాలి?” అంటూనే క్యారేజీ విప్పింది. వింధ్యావళికి కూడా వడ్డించింది.

వింధ్యావళి ఇల్లు చేరేసరికి సోమశేఖర వరండాలో నీళ్ళు తోడేస్తున్నాడు. “వచ్చావా? ఉండు, కాఫీ పెడతాను,” అన్నాడు. కాఫీ చేతికిచ్చాక ఆమె అడిగింది.

“భయపడ్డారా?”

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. “లేదు. ల్యాబ్‌లో ఉంటావని తెలుసు.”

“నాకేమైనా అయిందేమో అని అనిపించలేదా?”

“అయి ఉండొచ్చని తెలుసు వింధ్యా. తెలియడం వేరు కదా. నువ్వు కనిపించాక మాత్రం చాలా సంతోషంగా ఉంది.” ఆ సంతోషం ఆయన మొహంలో ఉంది కూడా. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు.

ఆ వారంలోనే జలీల్ ఆమెను ఎలుకల గదికి పిలిచాడు. బెంగ నిద్రపుచ్చిన మగ ఎలుకలకు కొన్నిటికి ఆరోగ్యంగా ఉన్న ఆడ ఎలుకలను జతచేసి పెట్టారు. జంట కుదిరింది. రోజూ కొంతసేపు విడదీసి మళ్ళీ కలిపేవారు.

“మగవి ఎప్పటిలాగే ఉన్నాయి మేడమ్. ఆడది వస్తే దగ్గరికి తీసుకుంటాయి, తీసుకెళ్తే వెతకవు. మార్పు ఆడవాటిలో వస్తోంది. మొదట్లో పెట్టె తెరవగానే పరిగెత్తుకొచ్చేవి. ఇప్పుడు చూడండి.”

అతను అడ్డుపలక ఎత్తాడు. మగ ఎలుక ఆడదాని దగ్గరకు వెళ్ళి ఒళ్ళు నాకింది. ఆడది కదలకుండా ఉండి, కాసేపటికి పక్కకు జరిగి గింజల గిన్నె దగ్గర కూర్చుంది.

“ఆడవాటికి మనం ఏమీ చెయ్యలేదు,” అన్నాడు జలీల్.

ఇంటికి వెళ్ళి వింధ్యావళి భర్తను అడిగింది. ఒకరి ప్రేమ తగ్గితే రెండోవారి ప్రేమ తగ్గడం గురించి మీ గ్రీకులు ఏమైనా చెప్పారా అని.

“ఎందుకు చెప్పలేదు,” అన్నాడాయన ఉత్సాహంగా. “ఎరోస్ పసివాడుగానే ఉండిపోయాడట, ఎంతకీ ఎదగడు. తల్లి వెళ్ళి పెద్ద దేవతలని అడిగితే, వాడికి ఒక తమ్ముడు కావాలన్నారు. అలా పుట్టినవాడు ఆంటెరోస్. బదులు ప్రేమ. తమ్ముడు పక్కన ఉంటే వీడు పెరిగేవాడు, వాడు కనిపించకపోతే కుంచించుకుపోయేవాడు. అందమైన కథ. ఎందుకడిగావు?”

“ఊరికే,” అంది.

మేఖల డిసెంబరులో చెప్పకుండా వచ్చింది. తండ్రి తలుపు తీసి, “ఎంత మంచిపని చేశావు,” అంటూ సంచి అందుకున్నాడు. ఆమె తిన్నగా తల్లి దగ్గరకు వెళ్ళింది.

“నేను నాన్నకి ఫోన్ చేయడం మానేశానమ్మా. దసరా నుంచి. నీకు తెలుసు కదా?”

“తెలుసు.”

“నాన్నకి తెలీదు. ఒక్కసారి కూడా ఆయన చెయ్యలేదు. నేను చేస్తే ఎంత బాగా మాట్లాడతారో. చెయ్యకపోతే నేను లేను. నాకేమనిపిస్తోందంటే, అన్నయ్యతో పాటు నేనూ పోయాను ఆయనకి. ఇద్దరం ఒకటే.”

“ఆయనకి నువ్వంటే ప్రాణం మేఖలా.”

“ఎదురుగా ఉంటే. నాకు కూడా ఇక్కడికి రావాలనిపించడం తగ్గిపోతోందమ్మా. అందుకే భయం వేసి వచ్చాను. నాన్నని లేపు.”

వింధ్యావళి కూర్చుంది. “ఆయన అడగాలి. బెంగ లేని మనిషికి, బెంగ లేదన్న బెంగ ఉండదు. ఎన్నటికీ అడగరు. అడిగినా, లేపితే మంచం మీద ఎలా ఉండేవారో నువ్వు చూశావు. నేను మళ్ళీ అది చూడలేను.”

గుమ్మం దగ్గర సోమశేఖర నిలబడి ఉన్నాడు. విన్నాడని ఇద్దరికీ అర్థమైంది. ఆయన లోపలికి వచ్చి కూతురి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

“నాకు ఏ లోటూ తెలియడం లేదమ్మా. తెలియకపోవడమే లోటని నువ్వంటున్నావు. అది నాకు అర్థమవుతోంది. లెక్క అర్థమైనట్టు అర్థమవుతోంది, అంతకంటే లోపలికి వెళ్ళడం లేదు.” కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు. “మెగారా గుడిలో ఉన్నది ఆ ముగ్గురే కాదు. ఇంకో విగ్రహం ఉండేదట. పారెగోరోస్. అంటే ఓదార్పు. ఆవిడ కూడా ప్రేమదేవత పరివారంలోదే. పోథోస్‌ని వాళ్ళు పంపేయలేదు. అదే గుడిలో ఆవిడనీ నిలబెట్టారు. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను గానీ, ఎందుకలా పెట్టారో ఎప్పుడూ ఆలోచించలేదు.”

మేఖల కళ్ళు తుడుచుకుంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్విలా ఏడుస్తుంటే నాకు నొప్పిగా ఉంది. ఇది ఉన్నంతసేపే నేను నిర్ణయం తీసుకోగలను. నువ్వు పక్కగదిలోకి వెళ్తే పోతుంది. అందుకని నన్ను వదలకుండా రా. వింధ్యా, జలీల్‌కి ఫోన్ చెయ్యి. నేను అడుగుతున్నాను.”

దారి పొడుగునా కారులో మేఖల తండ్రి చెయ్యి పట్టుకునే కూర్చుంది. యంత్రం గదిలో కూడా కుర్చీ వేయించుకుని పక్కనే ఉంది. జలీల్ షరతు ప్రకారం మూడుసార్లు అడిగాడు, లేపమంటారా సార్ అని. మూడోసారి సోమశేఖర కూతురి వైపు తిరిగి చూసుకుని, “లేపు,” అన్నాడు.

కణాలు ఒక్కసారిగా లేవవు. మొదటి రెండు రోజులూ ఏమీ జరగలేదు. మూడో రోజు మేఖల స్నేహితురాలి ఇంటికి వెళ్తే, ఆయన రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వచ్చాడు. వారం తిరిగేసరికి అన్నం దగ్గర చెయ్యి ఆగిపోయింది. మేఖల ప్రయాణం వాయిదా వేసుకుంది. ఆమె ముద్దలు కలిపి పెడితే కొంచెం తినేవాడు. రాను రాను అదీ తగ్గింది. వింధ్యావళి సెలవు పెట్టి ఇంట్లో ఉంది. కంపెనీ ప్రతినిధికి కుదరదని చెప్పేసింది. అతను బాధపడలేదు. చెన్నైలో ఇంకెవరో ఇదే పని మీద ఉన్నారని, వాళ్ళతో మాటలు జరుగుతున్నాయని మర్యాదగా చెప్పి వెళ్ళాడు.

ఒక ఆదివారం ఉదయం మేఖల కూరలకు వెళ్ళింది. సోమశేఖర హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వింధ్యావళి రాగిజావ గ్లాసు ఆయన పక్కన పెట్టింది.

“ఏడాదిన్నర,” అన్నాడాయన. “నేను నవ్వుతూ వాడి కబుర్లు చెప్పాను. పెసరట్లు తిన్నాను. అన్నాళ్ళూ వాడి కోసం ఈ ఇంట్లో ఎవరూ ఎదురుచూడలేదు.”

“నేను చూశాను,” అంది వింధ్యావళి.

అనాలని అన్న మాట కాదు అది. ఆయన తల ఎత్తి ఆమె వైపు చూశాడు. గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చాలాసేపు చూశాడు. కొడుకు పోయిన నాటి నుంచి ఆమె ఏడవడం తను చూడలేదని ఆయనకు అప్పుడు తట్టింది. మొదట తన దుఃఖంలో చూడలేదు. తరువాత తన సుఖంలో చూడలేదు.

“ఒక్కదానివేనా?” అన్నాడు.

ఆమె నించున్న చోటే నేల మీద కూర్చుండిపోయింది.

“వాడి చెప్పులు,” అంది. “ఇసకలో విప్పి వెళ్ళాడు కదా. పోలీసులు నాకిచ్చారు. మీకు చూపించలేకపోయాను. పారేయలేకపోయాను. కారు డిక్కీలోనే ఉన్నాయండీ. రోజూ వాటితోనే ల్యాబ్‌కి వెళ్ళొస్తున్నాను.”

సోమశేఖర కుర్చీ చేతుల మీద బరువు వేసి లేచాడు. ఆమెకు చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని లేచింది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో తెలియకుండా ఇద్దరూ మెట్లు దిగారు.

ఆమె డిక్కీ తెరిచింది. స్టెప్నీ టైరు పక్కన ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి, కుడిదాని పట్టీ తెగి, తాడుతో కట్టి. ఆయన వాటిని బయటికి తీసి, అరచేత్తో ఇసక దులపబోయి ఆగిపోయాడు.

“ఉండనీండి,” అంది వింధ్యావళి.

ఆయన తలూపి ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు, ఒకటి ఆమెకు ఇచ్చాడు. ఇద్దరూ చెరొకటి పట్టుకుని లోపలికి నడిచారు.